బిల్లులో రాయని బరువు

పగలు నేను రాళ్ళకు ప్రయాణాలు రాస్తాను.
చీమకుర్తి ఫ్యాక్టరీ ఆఫీసులో, ఏసీ నీళ్ళు కారే బకెట్ పక్కన,
బ్లాకు నెంబరు, పొడవు, వెడల్పు, టన్నులు,
చేరవలసిన రేవు.
ఆ రేవుల పేర్లు నాకు పలకడం రాదు,
పదకొండేళ్ళలో స్పెల్లింగు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

రాత్రిళ్ళు ఒంగోల్లో, అద్దంకి బస్టాండు వెనక మేడ గదిలో
మాటలకు ప్రయాణాలు రాస్తాను.
మనీలాలో ఎవరో ఒకామె నడుములోతు నీళ్ళలో నిలబడి ఫోనుకి చెప్పినవి,
బీరూట్‌లో ఎవరో కుర్రాడు చీకటి మెట్ల మీద కూర్చుని రాసినవి
తెలుగులోకి దించుతాను.
జీతం లేదు. చదివేవాళ్ళు నలభై మంది.
అందులో ఒకడు మా బావమరిది,
వాడు చదవడు, లైకు కొడతాడు.

"ఎవురి ఊళ్ళోనో వాన పడితే నీకేంది" అంటది శేషారత్నం.
నిజమే. నాకేంది.
కానీ ఆ కుర్రాడు, కరెంటు లేని వంటింట్లో
వాళ్ళమ్మ ఉల్లిపాయ తరిగే చప్పుడు గురించి రాసిన రోజు
ఒక మాటకి తెలుగు దొరక్క రెండింటిదాకా కూర్చున్నాను.
అప్పుడు మాకూ కరెంటు పోయింది.
దొరికింది.

నిరుడు ఇట్టాంటి వాళ్ళందర్నీ నైరోబీకి పిలిచారు, టికెట్టు వాళ్ళదే.
పాస్‌పోర్టు ఫోటోకి స్టూడియో ఖాజావలి తన పెళ్ళికోటు తొడిగాడు.
విమానం కిటికీలోంచి చూస్తే
కొత్తపట్నంలో చూసిన సముద్రమే,
నీచు వాసన తీసేసి పరిచారు.

హోటల్ మెట్లెక్కబోతూ ఆగిపోయాను.
నల్లరాయి. లోపల రాగిరంగు చుక్కలు.
గొంతుక్కూర్చుని అరచెయ్యి ఆనించాను.
ఏమన్నా పారేసుకున్నారా అనడిగాడు గార్డు.
లేదబ్బయా, మా ఊరోడు కనపడ్డాడు, అందామనుకున్నా,
నా ఇంగ్లీషు కాగితం మీదే గానీ నోట్లో ఆడదు.
నవ్వాను. అతనూ నవ్వాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర,
బొలీవియా గనుల ఊరి పిల్ల రోసియో,
వాళ్ళ నాయన దగ్గు గురించి తను రాసింది
నేను తెలుగు చేశానని తెలిసి నా చెయ్యి పట్టుకుంది.
తర్వాత, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా,
"మీ ఊళ్ళో ఎవరు దగ్గుతారు?" అంది.

ముద్ద గొంతులో నిలబడింది.

రామతీర్థం దాపున, కొండని తవ్వి తవ్వి పాతాళం చేసిన గుంతలో
ఇరవై రెండేళ్ళు డ్రిల్లు పట్టిన మాలకొండయ్య.
మా గేటు కాడ టీ తాగతా తాగతా
గ్లాసు కింద పెట్టి, దగ్గి,
మళ్ళీ గ్లాసు తీసుకునే మాలకొండయ్య.
అది వినపడితే పదకొండు అయినట్టు మా ఆఫీసుకి.
ఎన్ని దేశాల దగ్గులో తెలుగు చేశాను,
ఇది తెలుగులోనే ఉంది గదా,
చేసేదేముందిలే అనుకున్నానేమో.

తిరిగొచ్చి అడిగాను.
"రాస్తే ఏమొస్తది?"
ఏం రాదు.
"ఎవురు చదవతారు?"
నలభై మంది. కాదు, ముప్పై తొమ్మిది.
నవ్వాడు. నవ్వు దగ్గయింది. అది తగ్గేదాకా ఆగి,
"నా పేరు రాసుకో. నీది రాయబాక, ఉజ్జోగం పోద్ది" అన్నాడు.

నాది రాయలేదు.
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ తప్ప.

రోసియో దాన్ని తన భాషలో పెట్టింది.
నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు,
మధ్యలో మాలకొండయ్య ఒక్కడే
పరాయి అక్షరాల్లో, కొంచెం వంకరగా,
అద్దె కోటు తొడుక్కున్నట్టు నిలబడి ఉన్నాడు.

ఈరోజు బ్లాకు నెంబరు నాలుగు వేల నాలుగొందల పదిహేడు.
పందొమ్మిది టన్నులు.
బిల్లులో దుమ్ముకి గడి లేదు.

పదకొండింటికి గేటు దగ్గరకెళ్ళి చెప్పాను:
ఆ పిల్ల నాయన అడిగించాడు,
దుమ్ముకి నువ్వేం తింటావని.

గ్లాసు కింద పెట్టాడు.
"బెల్లంముక్క అని చెప్పు.
చెప్పి, ఆయనేం తింటాడో కనుక్కో."

బెల్లానికి వాళ్ళ మాటేందో వెతకతా ఉండాను.